ఇనుము ఎర్రగా ఉంటే ఆ బొమ్మ తప్పు

అమెరికా పశ్చిమాన పశువుల రాంచ్‌ల మీద వేసిన బొమ్మలు నాలుగు తిరగేస్తే అందులో ఒకటైనా దూడకు వాత పెట్టే బొమ్మ ఉంటుంది. మంట, పొగ, నేలమీద పడేసి పట్టుకున్న దూడ, కౌబాయ్ చేతిలో పొడుగాటి ఇనుము. ఆ ఇనుము కొస నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తోందా? అయితే ఆ బొమ్మ వేసినవాడు వాత పెట్టి ఎరగడు, దగ్గర నిలబడి చూసి కూడా ఉండడు. ఎర్రగా కాలిన ఇనుము తగలగానే వెంట్రుకలు భగ్గున అంటుకుంటాయి, తోలు లోతుగా మాడుతుంది, పుండు మానాక గుర్తు అలుక్కుపోయి ఏ రాంచ్‌దో పోల్చుకోలేరు. నల్లగా ఉన్న ఇనుముకు వేడి చాలదు. చాలాసేపు అదిమి పెట్టాలి, ఈలోగా దూడ గింజుకుంటుంది, గీత చెదురుతుంది. వాతకు తగిన ఇనుము బూడిద రంగులో ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు ఆనించి తీస్తే తోలు కొత్త జీను రంగుకు తిరుగుతుంది. అంతే పని.

రంగుల పళ్ళెం ముందు కూర్చున్నవాణ్ణి ఎరుపు ఊరిస్తుంది. గోధుమరంగు దుమ్ములో ఆ ఒక్క ఎర్రచుక్క పడితే బొమ్మ లేచి నిలబడుతుందని అనిపిస్తుంది. పని తెలిసినవాడి చెయ్యి అక్కడ ఆగుతుంది.

రాంచ్‌లో పని చేసి, రాంచ్ బతుకునే గీసిన చిత్రకారుల మాట వచ్చినప్పుడు జనం ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు: ఆయన ఆ బతుకు బతికాడు, అందుకే బొమ్మల్లో ప్రాణం ఉంది. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఆ బతుకు బతికినవాళ్ళు వేలమంది. వాళ్ళలో చూడదగ్గ బొమ్మ వేసినవాళ్ళు గుప్పెడుమంది. పైగా పనిలో మునిగినవాడికి ఆ పని కనబడదు. తాడు విసిరేవాడి కన్ను దూడ వెనక కాళ్ళ మీద ఉంటుంది. తన గుర్రం వీపు ఎలా వంగింది, తన భుజం ఎటు తిరిగింది అన్నది వాడికి ఒంటికి తెలుస్తుంది గాని కంటికి తెలియదు. కాబట్టి అడగాల్సింది బతికాడా లేదా అని కాదు. ఏ పని చేశాడు, ఏ వేళ చేశాడు, ఆ పని కంటికి ఏం మిగిల్చింది, చేతికి ఏం మిగిల్చింది అని.

అలాంటి చిత్రకారుల్లో ఒకడైన చార్లీ రసెల్ సంగతి చూడండి. 1864లో సెయింట్ లూయిస్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. 1880లో, పదహారు నిండే వేళకు, మోంటానా చేరాడు. మొదట గొర్రెల దగ్గర కుదిరాడు గాని ఆ పని నిలవలేదు. తర్వాత రెండేళ్ళ పాటు జేక్ హూవర్ అనే వేటగాడి దగ్గర ఉన్నాడు. హూవర్ జింకల్ని, ఎలుగుల్ని కొట్టి మాంసం అమ్ముకునేవాడు. వేట జంతువును ఒలిచి ముక్కలు చేసే చోట రెండేళ్ళు ఉన్న కుర్రాడికి ఏ కండ ఏ ఎముకను పట్టుకుని ఉంటుందో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బొమ్మల బడిలో ప్లాస్టర్ నమూనాల ముందు కూర్చున్నవాళ్ళకు ఆ చదువు దొరకదు.

1882 వసంతంలో జూడిత్ బేసిన్ పశువుల పోగులో రసెల్‌కి ఉద్యోగం దొరికింది. పోగు అంటే, కంచెల్లేని మేతభూముల్లో కలిసిపోయిన వేర్వేరు రాంచ్‌ల పశువుల్ని వసంతంలో ఒకచోటికి తోలి, దూడలకు వాతలు పెట్టి విడదీయడం. రసెల్‌కి ఇచ్చింది రాత్రికాపు. మిగతా కౌబాయ్‌లు నిద్రపోతుంటే గుర్రాల మంద చెదిరిపోకుండా కాయడం, కొన్నాళ్ళు రాత్రిపూట పశువుల చుట్టూ తిరుగుతూ పాటలు పాడడం. ఒక్కో కౌబాయ్‌కి వంతులవారీగా ఎక్కడానికి ఎనిమిదో పదో గుర్రాలుండేవి. ముప్ఫై మంది ఉన్న పోగులో గుర్రాలు రెండు వందల నలభై నుంచి మూడు వందల దాకా ఉండేవి. 1893 దాకా, అంటే దాదాపు 11 ఏళ్ళు, రసెల్ చేసింది ఎక్కువగా ఈ పనే. తాను మంచి రౌతునూ కాదు, తాడు విసరడంలో నేర్పరినీ కాదని, రాత్రికాపరినని ఆయనే ఒప్పుకున్నాడు.

అభిమానులు ఈ మాటను వినయం అనుకుని దాటేస్తారు. నా మట్టుకు ఆయన కళకు తాళంచెవి అక్కడే ఉంది. తెల్లవారుజామున గుర్రాల్ని అప్పగించాక రసెల్‌కి పని లేదు. కాస్త కునుకు తీస్తే పగలంతా తనదే. చుట్టూ ముప్ఫై మంది గుర్రాలెక్కుతూ, పడుతూ, తాళ్ళు విసురుతూ, దూడల్ని ఈడుస్తూ ఉంటారు. వాళ్ళను చూస్తూ కూర్చోవడానికి ఒకడికి జీతం దొరికిందన్నమాట. పగటి పని చేసే నేర్పరికి ఆ తీరిక లేదు. రాత్రి పనిలోనూ ఒక చదువు ఉంది. చీకట్లో గుర్రాన్ని రంగును బట్టి పోల్చలేం. మెడ ఎత్తిన తీరు, మూపు దగ్గర ఒంపు, నడుస్తుంటే తల ఊగే లెక్క, వీటితోనే ఇది ఫలానావాడి గుర్రం అని చెప్పాలి. రసెల్ బొమ్మల్లో దూరాన వేలెడంత ఉన్న గుర్రానికి కూడా దాని సొంత వాలకం ఉంటుంది.

తెల్లవారి ఆ గుర్రాల్ని ఆపే దొడ్డి కూడా గమనించదగ్గదే. దాన్ని కర్రలతో కట్టరు. వంటబండి చక్రానికి ఒక కొస కట్టి, మనుషులు అక్కడక్కడ నిలబడి నడుమెత్తున పట్టుకున్న ఒకే ఒక్క తాడు అది. గుర్రం తలచుకుంటే తాడును ఛాతీతో నెట్టుకుపోగలదు. కానీ ఆ తాడును దాటకూడదని వాటికి నేర్పి ఉంటారు. తెలియని చిత్రకారుడు అక్కడ కర్రల దడి వేస్తాడు. పోగు రోజుకో చోటుకు కదిలిపోతుంది, రోజూ దడి కట్టేదెవరు?

1886-87 చలికాలం మోంటానా పశువుల వ్యాపారం నడుం విరిచింది. ఎండాకాలం గడ్డి లేదు. చలికాలం మంచు పడి, కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టింది. గట్టిపడిన ఆ పెచ్చును గొడ్డు ముట్టెతో తొలచలేదు. గుర్రమైతే గిట్టతో గీరి కింది గడ్డి అందుకుంటుంది. ఆవుకు ఆ అలవాటు లేదు. రసెల్ అప్పుడు ఓహెచ్ రాంచ్‌లో ఉన్నాడు. హెలెనాలో ఉన్న యజమాని లూయీ కాఫ్‌మన్ తన ఐదు వేల పశువులు ఎలా ఉన్నాయో రాయమన్నాడు. అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద నీటిరంగులతో రసెల్ ఒక బొమ్మ వేశాడు. మంచులో ఒంటరిగా ఎముకలగూడైన గొడ్డు, కాస్త దూరంలో కాచుకున్న తోడేళ్ళు. ‘చినూక్ కోసం’ అని దాని పేరు. చినూక్ అంటే పర్వతాల మీంచి దిగివచ్చి గంటల్లో మంచును కరిగించే వెచ్చని గాలి. హెలెనా, గ్రేట్ ఫాల్స్ వైపు రసెల్ పేరు పాకింది ఆ అట్టముక్కతోనే.

ఆ బొమ్మలో నైపుణ్యం గొప్పదేమీ కాదు. అప్పటికి ఆయనకు నీటిరంగులు సరిగా లొంగలేదు. కానీ ఆకలితో చచ్చే గొడ్డు ఎలా ఉంటుందో తెలుసు. తల వేలాడుతుంది. తుంటి ఎముకలు, వెన్నుపూసలు, పక్కటెముకలు పొడుచుకొస్తాయి. కడుపు లోపలికి గుంజుకుంటుంది. కాళ్ళు దగ్గరకు చేరి ఒంటి బరువంతా ఒక చిన్న చోట ఆనుతుంది. సానుభూతి కోసం కళ్ళలో నీళ్ళు పెట్టి, తల పైకెత్తించి ఉంటే అది కాగితం మీదే చచ్చేది.

పొలం మనిషికి ఈ బొమ్మల్లో పశువు తేలిగ్గా పట్టుబడుతుంది. ఒంగోలులోనో నల్గొండలోనో పాడి ఉన్న ఇంట పెరిగినవాడికి తెలిసిన సంగతులే అక్కడా. పడుకున్న ఆవు వెనక భాగం మొదట లేపుతుంది, ఒక క్షణం ముందుకాళ్ళ మోకాళ్ళ మీద నిలుస్తుంది, ఆపైన ముందుకాళ్ళు. గుర్రం దీనికి తలకిందులు. ముందుకాళ్ళు చాచి ఛాతీ ఎత్తి, ఆ తర్వాత వెనక భాగం లాగుతుంది. లేచే పశువును గీసేటప్పుడు ఈ రెంటినీ కలిపేసిన బొమ్మలు అచ్చైనవే ఉన్నాయి. తన్నడంలోనూ తేడా. గుర్రం తిన్నగా వెనక్కి తంతుంది, ఆవు కాలును ముందుకు తెచ్చి పక్కకు విసురుతుంది. ఇక మూపురం సంగతి. 1880ల నాటి మోంటానా మందలో మూపురమున్న గొడ్డును నిలబెడితే తప్పు. అదే తర్వాతి కాలపు టెక్సస్ సముద్రతీరపు రాంచ్‌లోనైతే ఒప్పు. అక్కడి బ్రాహ్మన్ జాతి మన దేశపు గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ, ఒంగోలు పశువుల నుంచే తయారైంది. బ్రెజిల్ రాంచ్ బొమ్మలోనైతే మూపురం లేకపోవడమే వింత. అక్కడి మాంసపు మందల్లో మెజారిటీ మన ఒంగోలు రక్తమే, నెలోర్ అన్న జాతిపేరు మన నెల్లూరే.

తాడు దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. రాంచ్ బొమ్మలో ముందు చూడాల్సింది గుర్రం మొహం కాదు, తాడు రెండో కొస. ఒక కొస దూడ దగ్గర ఉంది సరే, రెండోది ఏమైంది? జీను ముందుభాగాన పిడిలా లేచిన కొమ్ము ఉంటుంది. టెక్సస్ మనిషి తాడును ఆ కొమ్ముకు ముందే ముడేసి ఉంచుతాడు. పది మీటర్ల పైచిలుకు నారతాడు, పొట్టిది, గట్టిది. కాలిఫోర్నియా, నెవాడా వైపు వాకేరోలు, అంటే మెక్సికన్ పద్ధతిలో పని చేసే కౌబాయ్‌లు, ముడి వెయ్యరు. వాళ్ళది పచ్చితోలు పేలికలు నాలుగు పేని అల్లిన రియాటా, 18 మీటర్ల దాకా, ఒక్కోసారి ఇంకా పొడుగు. ఉచ్చు పడ్డాక కొమ్ము చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, కొస చేత్తో పట్టుకుంటారు. ఈ చుట్టునే డాలీ అంటారు.

ఇలా రెండు పద్ధతులు ఎందుకు వచ్చాయంటే, పచ్చితోలు తాడు నిలకడైన లాగుడును ఓర్చుకుంటుంది గాని ఒక్కసారిగా పడే గుంజుడుకు తెగుతుంది. కొమ్ము మీద కాస్త జారనిస్తే ఆ దెబ్బ మెత్తబడుతుంది. నారతాడుకు ఆ బెంగ లేదు, కానీ గుంజుడంతా జీను మీదే పడుతుంది. ముందునుంచి లాగినప్పుడు జీను వెనక భాగం లేస్తుంది. అది లేవకుండా టెక్సస్ జీనుకు పొట్ట కింద రెండు పట్టీలు, ముందొకటి వెనకొకటి. కాలిఫోర్నియా జీనుకు నడుమన ఒకటే. ఇప్పుడు బొమ్మ చూడండి: ఒంటిపట్టీ జీను, కొమ్ముకు ముడేసిన తాడు, అవతల నాలుగు వందల కిలోల కోడె. నిజంగా అలా చేస్తే జీను రౌతుతో సహా గుర్రం మెడమీదికి పోతుంది. మోంటానాలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిశారు కాబట్టి రెండు పద్ధతులూ కనిపించొచ్చు. కానీ ఒకే మనిషి దగ్గర ఈ జీనూ ఆ ముడీ కలవకూడదు.

ఇక చెయ్యి. చుట్టు వేసేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి. కిందికి ఉంటే బిగిసే తాడుకూ కొమ్ముకూ మధ్య నలుగుతుంది. అవతల పశువు బరువు, ఇవతల గుర్రం బరువు, నడుమ ఒక వేలు. బొటనవేళ్ళు పోగొట్టుకున్న వాకేరోలు కథల్లోనే కాదు, నిజంగానూ ఉన్నారు. కుడిచేతివాటం మనిషి చుట్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతాడు. ఎడమచేతిలో పగ్గాలూ, మిగిలిన తాడు చుట్టలూ ఉంటాయి. దూడ వెనక కాళ్ళకు ఉచ్చువేసి మంట దగ్గరికి ఈడ్చుకొచ్చేటప్పుడు తాడు కొమ్ము నుంచి రౌతు కుడితొడ పక్కగా, గుర్రం కుడి పిరుదు మీదుగా వెనక్కి పోతుంది. ఒడి మీదుగా అడ్డంగా పోతే దూడ ఒక్కసారి గింజుకుంటే చాలు, రౌతు నేలమీద ఉంటాడు. తాడు బిగిసి ఉంటే గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. సొంపుగా వంపు తిరిగిన తాడు, దాని కొసన గింజుకుంటున్న పశువు, ఈ రెండూ ఒకే బొమ్మలో ఇమడవు.

ఎడ్వర్డ్ బొరీన్ ఈ విషయంలో నాకు అందరికంటే నమ్మకమైనవాడు. 1872లో కాలిఫోర్నియాలోని శాన్ లియాండ్రోలో పుట్టాడు. బొమ్మల బడిలో చదివింది కొద్ది వారాలే. లాంపాక్ దగ్గర హలామా రాంచ్‌లో వాకేరోగా పని చేస్తూ గీసిన బొమ్మలు 1896లో లాస్ ఏంజెలెస్ పత్రికలో అచ్చయ్యాయి. 1907లో న్యూయార్క్ వెళ్ళాడు, 1921లో శాంటా బార్బరాకు వచ్చి స్థిరపడ్డాడు, 1945లో పోయేదాకా అక్కడే. ఆయన చేతివాటం రాగిరేకు చెక్కుడులో ఉంది, అంటే ఎచింగ్‌లో.

ఎచింగ్‌కి రాగిరేకు మీద మైనం, రాళం కలిపిన పలుచని పూత పూస్తారు. దాన్ని పొగబెట్టి నల్లబరుస్తారు. సూదితో గీస్తే పూత లేచి రాగి మెరుస్తుంది. రేకును ఆమ్లంలో ముంచితే గీసిన చోటే తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. దూరపు కొండల గీతలు తేలిపోవాలంటే రేకును ముందే తీసి, ఆ గీతల మీద వార్నిష్ పూసి, తక్కినవాటిని మళ్ళీ ముంచాలి. తర్వాత పూత కడిగేసి, సిరా రుద్ది, పైన తుడిచి, తడికాగితం వేసి రోలర్ల మధ్య నొక్కుతారు. కాగితం మీద పడేది అద్దంలో బొమ్మ. కుడి ఎడమవుతుంది. అంటే రేకు మీద మామూలుగా గీస్తే అచ్చులో వాకేరో ఎడమచేత్తో తాడు విసురుతుంటాడు, గుర్రాన్ని కుడివైపునుంచి ఎక్కుతుంటాడు, పశువు తొడమీది వాత తిరగబడి ఇంకెవరి రాంచ్‌దో అవుతుంది. నగరపు కొనుగోలుదారుకు తేడా తెలియదు. రాంచ్ మనిషి నవ్వుతాడు. కాబట్టి తాడు విసిరేవాణ్ణి రేకు మీద ఎడమచేతివాటంగా గీయాలి, చుట్టు దిశా తిప్పాలి, తొడ పక్కన తాడునూ తిప్పాలి. ఒక్కటి మరిచినా రేకు పాడు, పూత మీద చెరిపేసుకోవడం మహా చిరాకు పని. పని చేసిన చేతికి ఇక్కడ పెద్ద అక్కర వస్తుంది. ఆ కదలికను తలలో తిప్పి చూసుకోగలిగేది దాన్ని ఒంటితో ఎరిగినవాడే.

కౌబాయ్ కథలు రాసి బొమ్మలూ వేసిన విల్ జేమ్స్ దగ్గరికి వచ్చేసరికి బతికాడా లేదా అన్న ప్రశ్న తలకిందులవుతుంది. మోంటానాలో బండిలో పుట్టానని, తల్లీ తండ్రీ పోతే ఒక వేటగాడు పెంచాడని 1930లో అచ్చైన ఆత్మకథలో రాసుకున్నాడు. అంతా కల్పన. అసలు పేరు ఎర్నెస్ట్ డుఫో. 1892లో కెనడాలోని క్వెబెక్‌లో, ఫ్రెంచి మాట్లాడే ఇంట్లో పుట్టాడు. పదిహేనేళ్ళప్పుడు పడమటికి వెళ్ళి రాంచ్ పని నేర్చుకున్నాడు. పశువుల దొంగతనం మీద 1915-16లో నెవాడా జైల్లో ఉన్నాడు. అక్కడా బొమ్మలు గీశాడు. 1919లో గుర్రం పడేస్తే తలకు దెబ్బ తగిలింది. ఆ తర్వాతే బొమ్మల మీద బతకాలని చూశాడు. 1926లో వచ్చిన ‘స్మోకీ’ అనే గుర్రం కథకు మరుసటి ఏడు పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం దక్కింది, బొమ్మలూ ఆయనవే. 1942లో తాగుడు ఆయన్ని తీసుకుపోయింది. పుట్టుక గుట్టు లోకానికి తెలిసింది 1960లలో.

గుట్టు బయటపడ్డాక ఆయన బొమ్మల విలువ పడిపోలేదు. పడకూడదు కూడా. కుప్పిగంతులేసే గుర్రాన్ని పెన్సిలుతో జేమ్స్ గీసినట్టు గీసినవాళ్ళు అరుదు. గుర్రం తలను ముందుకాళ్ళ మధ్యకు దించుతుంది, ఎందుకంటే తల ఎత్తి ఉంటే వీపును విల్లులా వంచలేదు. అందుకే రౌతు మొదటి ప్రయత్నం పగ్గం లాగి తల పైకి తేవడం. గుర్రం నేలకు తగిలే క్షణాన రౌతు నడుం వెనక్కి విరుగుతుంది, టోపీ ఇంకా పైకే పోతుంటుంది. గాల్లో మెలిక తిరిగితే గుర్రం పొట్టమీద ఎండ పడుతుంది. ఒకే బొమ్మలో గుర్రానికి ఒక క్షణం, రౌతుకు దాని తర్వాతి క్షణం, టోపీకి అంతకుముందుది. ఫొటోలో ఇలా దొరకదు, ఒంటికి గుర్తున్నది ఇలాగే ఉంటుంది. ఆయన అబద్ధం పుట్టుక గురించి. ఏ ఊళ్ళో పుట్టాడన్నది బొమ్మలో కనిపించే విషయం కాదు.

అమెరికా పశ్చిమాన్ని గీసి పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ రెమింగ్టన్‌ని ఈ వరసలో ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, 1883లో కాన్సస్‌లో గొర్రెల రాంచ్ కొన్నాడు, ఏడాది గడిచేలోపే విసిగి అమ్మేశాడు. తర్వాత పడమటికి వెళ్ళిరావడం, గీతల పుస్తకాలు, సేకరించిన జీనులు, న్యూ రొషెల్‌లో స్టూడియో. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన గుర్రపు దౌడు ఫొటోలు దౌడు మీద కళాకారుల అపోహను పోగొట్టాయి: నాలుగు గిట్టలూ గాల్లో ఉండేది కాళ్ళు చాచినప్పుడు కాదు, కడుపు కిందికి ముడిచినప్పుడు. రెమింగ్టన్ ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు. చిత్రకారుడిగా రసెల్ కంటే గట్టివాడు, ముఖ్యంగా రాత్రి వెలుగును పట్టడంలో. కానీ ఆయన బొమ్మల్లో జనం ఎప్పుడూ తుపాకులు పేలుస్తూ పరిగెడుతుంటారు. పొద్దున్నే చలికి బిర్రబిగిసిన గుర్రం జీను వెయ్యగానే వంటవాడి పెనం మీదికి దూకితే, తక్కినవాళ్ళు కాఫీ గిన్నెలు పట్టుకుని చెల్లాచెదురయ్యే బొమ్మ వెయ్యడానికి రసెల్ కావాలి. అది కాఫీ ఒలికిపోయినవాడికి తోచే విషయం. డల్లాస్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా, ఫోర్ట్ వర్త్‌లోని అమోన్ కార్టర్ మ్యూజియంలో రసెల్, రెమింగ్టన్ ఇద్దరివీ బోలెడు ఉన్నాయి, టికెట్ లేదు. పక్కపక్కన చూస్తే తేడా పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరైనా రాంచ్‌కి పోయి గీయాలనుకుంటే, సామాను తక్కువ. చొక్కా జేబులో పట్టే పుస్తకం, గట్టి అట్టది. వేలెడంత 2బి పెన్సిలు ముక్కలు రెండు, ఎందుకంటే పొడుగు పెన్సిలు గుర్రమెక్కితే విరుగుతుంది లేదా పొట్టలో గుచ్చుకుంటుంది. రబ్బరు వద్దు. దుమ్ములో గ్రాఫైట్ పాకుతుంది, కాబట్టి ఒక వైపే గీసి, ఎదురు పేజీ ఖాళీగా వదలాలి. సిరా పెన్ను గుర్రం కుదుపుకు కక్కుతుంది. మోంటానా చలిలో నీటిరంగు కుంచె మీదే గడ్డకడుతుంది. చలిలో బయట గీసేవాళ్ళు నీళ్ళలో వోడ్కా కలుపుతారు. రంగు త్వరగా ఆరుతుంది, అంచులు గరుకవుతాయి, కానీ పని ఆగదు.

గీసే వరస ఇంకా ముఖ్యం. అలవాటుగా అందరూ గుర్రం తలతో మొదలుపెడతారు. తల అందంగా వస్తుంది, ఒళ్ళు కాగితంలో పట్టదు, తాడు చివర్లో నగలా తగిలిస్తారు. ముందు నేల గీత వెయ్యండి. రెండోది తాడు, పశువు నుంచి కొమ్ము దాకా ఒకే గీత. మూడోది గుర్రం వెనక గిట్టలు నేలలో ఎక్కడ తన్నిపట్టాయో ఆ చోటు. తాడు లాగుడుకు బదులు చెప్పేది అదే. అక్కడి నుంచి పిరుదు, వెన్ను, మెడ. ఆ తర్వాత రౌతు వెన్నుగీత, బరువు పడ్డ రికాబు ఒక్కటే. ఇవన్నీ ఇరవై లెక్కపెట్టేలోపు అయిపోవాలి. జీను, టోపీ, మొహం నీడలో కూర్చుని నింపుకోవచ్చు. నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ళ మీద ఉంటుంది. తాడు బిగించి వెనక్కి ఒరిగిందంటే ఆ బరువు వెనక్కి పోవాలి, ముందు గిట్టలు తేలికపడాలి. బొమ్మలో నాలుగు కాళ్ళూ ఒకేలా నిలిచి ఉంటే అవతల పశువు లేనట్టే.

రసెల్ జేబులో మైనం ముద్ద ఉండేది. మాట్లాడుతూనే వేళ్ళతో గుర్రాన్నో ఎలుగునో చేసేవాడు, స్టూడియోలో అలాంటి బొమ్మను కిటికీ వెలుగులో పెట్టి నీడ ఎటు పడుతుందో చూసుకునేవాడు. ఈ పద్ధతి ఇప్పటికీ చవకైనది, ఫొటో కంటే మేలైనది. ఫొటో ఒక్క వైపే చూపిస్తుంది.

ఇంత పొగిడాక ఒక ఫిర్యాదు కూడా. పని ఎరిగిన ఈ చిత్రకారులు ఆ పనిలో పెద్ద భాగాన్ని గీయనే లేదు. రసెల్ 1893లో పని మానేశాక 1926లో పోయేదాకా ఎక్కువగా గీసింది, అప్పటికే పోయిన కంచెల్లేని కాలాన్నే. కంచెలకు వాడే ముళ్ళతీగకు జోసెఫ్ గ్లిడెన్‌కి పేటెంటు వచ్చింది 1874లో. ఆ భీకర చలికాలం తర్వాత రాంచ్ మనిషి రోజులు తాడు విసరడంలో కాదు, గడ్డి కోసి వాములు వెయ్యడంలో, గుంజలు పాతడంలో, తీగ లాగడంలో గడిచాయి. దాన్ని గుర్రం దిగిన పని అని కౌబాయ్‌లు చిన్నచూపు చూశారు, చిత్రకారులూ ఆ చూపునే అరువు తెచ్చుకున్నారు. ఆ మందల్ని తోలినవాళ్ళలో నల్లవాళ్ళు, మెక్సికన్లు ఎంతోమంది ఉన్నా కాన్వాసు మీదికి అంతమంది రాలేదు. బొరీన్ మాత్రం వాకేరోలను వాళ్ళ జీనుతో చూపించాడు.

కంచె పనిలో బొమ్మ లేదనడం ఒప్పుకోను. నాలుగైదు మీటర్లకొక గుంజ. మూలగుంజ అర మనిషి లోతున పాతి, ఏటవాలు దన్ను కర్ర పెట్టింది, ఎందుకంటే లాగుడంతా దాని మీదే. ఇద్దరు మనుషులు, ఒక తీగ. బిగించే పరికరం పిడిని ఒకడు ఒక్కో పన్ను చొప్పున లాగుతుంటాడు. తీగ సన్నగా మోగడం మొదలవుతుంది. రెండోవాడు గుంజ దగ్గర యూ ఆకారపు మేకు పట్టుకుని ఉన్నాడు, కర్ర నార వెంబడి కొడితే గుంజ చీలుతుందని కాస్త ఏటవాలుగా తిప్పాడు, పూర్తిగా దిగ్గొట్టకుండా తీగ జారేంత సందు వదలబోతున్నాడు, లేకపోతే చలికి తీగ కుంచించుకుని ఎక్కడో తెగుతుంది. తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. అందుకే సుత్తి ఎత్తినవాడి మొహం తీగ వైపు లేదు. భుజం మీదుగా అవతలికి తిరిగి ఉంది, కళ్ళు సగం మూసి, తోలు చేతితొడుగు ఒక వేలు చిరిగి.